కారు కొన్నది అట్టలో దాచడానికా?

నలభై ఏళ్లు దాటాక హాట్‌వీల్స్ వంటి చిన్న లోహపు కార్లను సేకరించడం మొదలుపెట్టవచ్చా, ప్యాకెట్ విప్పకుండా దాచి ఉంచితే కొన్నేళ్లకు మంచి ధర పలుకుతుందనే మాట నిజమేనా అని అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది: మొదలుపెట్టండి, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రెండో ప్రశ్న గురించి మాత్రం నేను చెప్పవలసినది చాలా ఉంది. నేను నెల్లూరులో ఉంటాను. చాలా ఏళ్లుగా ఈ కార్లు కొంటున్నాను. కొన్న ప్రతి కారునూ ఇంటికి తెచ్చిన రోజే ప్యాకెట్ చింపి బయటికి తీస్తాను. విప్పని కారును నేను అసలు కారుగా లెక్కించను.

ఈ అభిప్రాయం నాకు మొదటినుంచీ ఉన్నదే కాని, 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద దానికి సాక్ష్యం కూడా చూపించింది. మా బావమరిది ఇల్లు ఏటికి ఉత్తరాన, కోవూరు వైపు, కాస్త పల్లంలో ఉంటుంది. అతను నాకంటే ఎక్కువ కార్లు కొన్నాడు, అయితే ఒక్కటీ విప్పలేదు. అట్ట మూలలు వంగకుండా ప్రతి ప్యాకెట్టుకూ విడిగా ప్లాస్టిక్ తొడుగు వేసి, పెద్ద అట్టపెట్టెల్లో వరుసగా పేర్చి, ఆ పెట్టెలను మంచం కిందికి తోసి, కూతురికి పెళ్లీడు వచ్చేనాటికి ఇవి బంగారంతో సమానమవుతాయని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. సోమశిల జలాశయం నుంచి భారీగా నీళ్లు వదిలారన్న కబురు అందిన రాత్రి వాళ్లు బియ్యం బస్తాలు, ఇంటి పత్రాలు, టీవీ మిద్దె మీదికి చేర్చగలిగారు. మంచం కింది పెట్టెలు ఎవరికీ గుర్తు రాలేదు.

పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, హైవే మీద రాకపోకలు ఆగి, మళ్లీ దారి తెరుచుకుని నేను అక్కడికి చేరేసరికి ఇంట్లో పాదం మునిగేంత ఒండ్రు ఉంది. పెట్టెను ఎత్తబోతే అడుగు ఊడి కిందనే ఉండిపోయింది. అట్టలు నాని, ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని ఒకే ముద్దగా మారాయి. కారును పట్టి ఉంచే ప్లాస్టిక్ బుడగలు అట్ట నుంచి విడిపోయాయి. అంత ఖర్చు పెట్టి తెప్పించిన తొడుగులు నీటిని లోపలికి రాకుండా ఆపలేదు సరికదా, లోపలికి చేరిన నీటిని బయటికి పోనివ్వలేదు. అతను ఒక్కొక్క అట్టనూ విడదీయాలని కాసేపు ప్రయత్నించి, చివరికి పక్కన కూర్చుని, "అట్టకు పెట్టిన డబ్బంతా పెన్నలో కలిసిపోయింది బావా" అన్నాడు. అతను కార్లకు అని అనలేదని గమనించండి.

ఎందుకంటే కార్లు పోలేదు. పెరట్లో టబ్బు పెట్టి, బోరు నీళ్లు పోసి, పాత టూత్ బ్రష్షులతో ఇద్దరం కూర్చుని మధ్యాహ్నం దాకా కడిగాము. రంగు చెక్కుచెదరలేదు, తలుపుల మీద అచ్చువేసిన అంకెలు, గీతలు కూడా అలాగే ఉన్నాయి. కొన్నింటికి ఇరుసులు మాత్రం తుప్పు పట్టి చక్రాలు బిగుసుకుపోతే, కుట్టుమిషనుకు వాడే నూనె ఒక్కొక్క చుక్క వేసి తిప్పాము. అప్పటిదాకా వాటిని ముట్టుకోవడానికి అనుమతి లేని అతని కూతురు, ఆరబెట్టిన కార్లను వరండాలో రంగులవారీగా వరుస పెట్టి, తిరిగేవేవో తిరగనివేవో తేల్చి మాకు అప్పగించింది. ఆ పనిలో మా ఇద్దరికంటే ఆ పిల్లకే ఎక్కువ ఓపిక ఉంది.

ఇందులో అద్భుతమేమీ లేదు. ఈ కార్ల పైభాగం ఇనుము కాదు, నూటికి నాలుగు పాళ్ల వరకు అల్యూమినియం కలిపిన జింకు మిశ్రమం. అది సుమారు 385 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కనుక, ఉక్కు అచ్చులోకి గట్టి ఒత్తిడితో పోసి, సన్నని గీతలు సైతం స్పష్టంగా వచ్చేలా వేగంగా తయారు చేయగలుగుతున్నారు. జింకుకు ఎర్ర తుప్పు పట్టదు, ఉక్కు తీగతో చేసిన ఇరుసుకే పడుతుంది. అసలు జింకు బొమ్మకు నిజమైన శత్రువు బయటి నుంచి రాదు. మిశ్రమంలో సీసం వంటి మలినం కలిస్తే లోహం లోలోపలే బీటలు వారి, ఏళ్లు గడిచాక పొడిగా రాలిపోతుంది. ఇంగ్లండులో తయారైన 1930ల నాటి డింకీ బొమ్మ కార్లు అనేకం అలాగే పాడయ్యాయి. ఆ జబ్బు ఉన్న బొమ్మను ఎంత అందమైన పెట్టెలో దాచినా అది ఆగదు.

ఇక ధర సంగతి. ఇంగ్లండులోని లెస్నీ సంస్థ భాగస్వామి జాక్ ఓడెల్ కూతురి బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలను మాత్రమే తీసుకురానిచ్చేవారట. ఆయన చేసిచ్చిన చిన్న రోడ్డు రోలరు నుంచే 1953లో మ్యాచ్‌బాక్స్ కార్లు పుట్టాయి. 1968లో మ్యాటెల్ సంస్థ 16 నమూనాలతో హాట్‌వీల్స్ మొదలుపెట్టింది. ఆ పాతవాటికి ఇప్పుడు ధర పలుకుతున్నదంటే కారణం ఒక్కటే: పిల్లలు వాటితో ఆడి, గోడలకు కొట్టి, మట్టిలో పూడ్చి పోగొట్టుకున్నారు, బాగున్నవి కొన్నే మిగిలాయి. మన దేశంలో లియో మ్యాటెల్ పేరుతో తయారైన పాత హాట్‌వీల్స్ విషయమూ అంతే. నా దగ్గర ఉన్నదానికి రంగు సగం పోయింది, అయినా చూసినవారు అడుగుతూనే ఉంటారు. ఈనాడు కొనేవారిలో చాలామంది తొడుగులు వేసి దాస్తున్నారు. అందరూ దాచిన వస్తువు రేపు అరుదైనది ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేకపోయారు.

ఈ దాచే జబ్బు వల్ల మామూలుగా కొనుక్కునేవాడికి కారు దొరకడమే కష్టమైపోయింది. తక్కువ సంఖ్యలో తయారుచేసి మామూలు హాట్‌వీల్స్ మధ్య కలిపి పంపే, 1995లో మొదలైన ట్రెజర్ హంట్ కార్లు, వాటిలోనూ రబ్బరు టైర్లు, మెరిసే రంగుతో వచ్చే సూపర్ రకం, మన నెల్లూరు మాగుంట లేఔట్ దుకాణాల దాకా వచ్చినా మనకు కనిపించవు. పెట్టె తెరవగానే, కొని ఎక్కువ ధరకు తిరిగి అమ్మే రీసెల్లర్లు ఏరుకుని వెళ్తారు, ఆ సాయంత్రానికే అవి ఫోన్లలో నాలుగైదు రెట్ల ధరకు తేలతాయి. దీనికి తోడు, బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. పిల్లల భద్రత కోసమంటే కాదనను. అయితే ఆ నిబంధన 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే వస్తువుల కోసం రాసింది, దాని భారం మాత్రం నెరిసిన జుట్టుతో చిన్నబజారులో బొమ్మల కొట్ల ముందు నిలబడే నా బోటివాడి మీద కూడా పడింది.

ప్యాకెట్ విప్పనివారు కోల్పోయేది మరొకటి ఉంది, కారు అడుగుభాగం. నమూనా పేరు, తయారైన దేశం అక్కడే ఉంటాయి. అక్కడ కనిపించే సంవత్సరం ఆ నమూనా హక్కులకు సంబంధించినది, మీ చేతిలోని కారు తయారైన ఏడాది కాదు. దానిని చూపించి పాత కారని ఎక్కువ ధర చెప్పే అమ్మకందారులు ఉన్నారు, జాగ్రత్త. ఇటీవలి హాట్‌వీల్స్ తయారీ కాలాన్ని చెప్పేది పక్కన చిన్నగా వేసిన ఒక అక్షరం, రెండు అంకెలు: అక్షరం ఏడాదికి, అంకెలు వారానికి. ప్యాకెట్ విప్పకుండా దాచుకున్నవారికి ఇది సరిగ్గా కనిపించదు. విప్పి పక్కపక్కన పెడితే ఇంకో తమాషా కూడా బయటపడుతుంది. ఈ బొమ్మలు అసలు కారులో 64వ వంతు అని చెబుతారు కాని, ఆ లెక్కన మూడు మీటర్ల పాత మినీ కారు ఐదు సెంటీమీటర్లకు మించకూడదు, తొమ్మిది మీటర్ల బస్సు పద్నాలుగు ఉండాలి. ఒకే కొలత ప్యాకెట్లో ఇమడాలి కనుక చిన్నదాన్ని కాస్త సాగదీస్తారు, పెద్దదాన్ని కుదిస్తారు.

మీరు మొదలుపెడితే, మీరు ఎక్కిన కారో, రోడ్డు మీద చూసి ఆగిపోయిన కారో మొదట కొనండి. అద్దాల బీరువా చాలు, కాని ఎండ నేరుగా పడే గోడకు పెట్టకండి, రంగు వెలుస్తుంది. మనది సముద్రపు గాలి తగిలే ఊరు కనుక, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలను పారేయకుండా అరకు ఒకటి చొప్పున వేయండి. కింది అరను ఖాళీగా వదిలేయండి.