మెయిల్ పంపేముందు

అమ్మలూ,

ఏడాదిన్నర ప్రయోగాలు నువ్వు చేస్తే పేపరు డ్రాఫ్టులో రచయితల వరసలో ల్యాబు మొహం చూడని సీనియర్‌ని రెండో పేరు చేసి, నీ పేరు మూడోది చేశారని రాశావు. ఒళ్ళు మండే సంగతే. ఆ మంటలో జర్నల్ ఎడిటర్‌కి మాత్రం రాయకు. ఈ తగవు ఎడిటర్లు తీర్చరు. మీ సంస్థలోనే తేల్చుకోమంటారు, ఈలోగా పేపరు మూలన పడుతుంది.

ముందు నీ లెక్క నువ్వు చూసుకో. ఐసీఎంజేఈ, అంటే వైద్య పత్రికల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ, వాళ్ళ ప్రకారం ఆథర్ అనిపించుకోవాలంటే నాలుగూ ఉండాలి: పనిలో చెప్పుకోదగ్గ పాలు, రాతలోనో దిద్దడంలోనో చెయ్యి, చివరి ప్రతికి ఒప్పుకోలు, రేపు తప్పు తేలితే జవాబుదారీ. గ్రాంటు తెచ్చినంత మాత్రాన చాలదు. నువ్వు చేసిన ప్రయోగాలు మాత్రమే ఉన్నా చాలదు, కాబట్టి రాతలోకి దిగు. పని చేసినవాళ్ళకి ఆ అవకాశం ఇవ్వాలని కూడా ఆ నియమాల్లోనే ఉంది. పేర్ల వరస మాత్రం మీలో మీరే తేల్చుకోవాలి. గణితంలోలా అక్షరక్రమం అయితే ఈ గొడవే ఉండదు!

ఇక ఆ సీనియర్ సంగతి. 1975లో హెదరింగ్టన్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక్కడే రాసిన పేపర్లో అంతటా ‘మేము’ అని టైపు చేసేశాడు. ఒక్కడే రాస్తే ‘మేము’ కుదరదన్నారు. మళ్ళీ కొట్టే ఓపిక లేక తన పిల్లిని సహరచయితగా చేర్చాడు. ఆ పిల్లి కనీసం ఎవరి చోటూ లాక్కోలేదు.

నా రెండో పేపర్లో నా పేరు కృతజ్ఞతల్లో, ఆఖరి లైన్లో ఉంది. గట్టిగా అడుగుదామంటే, ఏ రోజు ఏం చేశానో చూపే కాగితం లేదు. నోట్‌బుక్కులో పేజీ పేజీకీ తేదీ వెయ్యడం అప్పటినుంచే అలవాటైంది.

నువ్వు ఒక పట్టిక చెయ్యి. పేపర్లో ఎవరు ఏ పని చేశారో చెప్పే క్రెడిట్ (CRediT) పద్ధతిలో 14 పాత్రలున్నాయి: ఆలోచన, డేటా సేకరణ, విశ్లేషణ, తొలి రాత, అలా. ఎదురుగా ఎవరి పేరు వస్తుందో నిజాయితీగా నింపు. నువ్వు చెయ్యని పని ఎదురుగా నీ పేరు వెయ్యకు. అది జతచేసి గైడుకి ఇంతే రాయి: “సర్, 2, 3, 4 బొమ్మల డేటా, మెథడ్స్ భాగం నావి. పేర్ల వరస గురించి పది నిమిషాలు మాట్లాడాలి.” అన్యాయం అన్న మాట వద్దు.

ఆయన వినకపోతే నీ పీహెచ్‌డీ పని చూసే డాక్టరల్ కమిటీ ఉంది. ఏం చేసినా పేపరు జర్నల్‌కి సబ్మిట్ కాకముందే. ఆ తర్వాత పేర్లు కదపాలంటే జర్నళ్ళు అందరి సంతకాలూ అడుగుతాయి.

మెయిల్ రాత్రి రాసుకో, పొద్దున పంపు. మధ్యలో నాకోసారి చూపించు.

పెద్దమ్మ