ముందు డినయల్స్ లెక్క తియ్యండి

ప్రశ్న: నమస్తే మేడమ్, యూనివర్సిటీ లైబ్రరీలో ఆరేళ్లుగా అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా చేస్తున్నాను. వచ్చే ఏడాది జర్నల్స్ బడ్జెట్ కోసేస్తామంటున్నారు, ఎందుకండీ అంటే అన్నీ నెట్‌లోనే ఉన్నాయి కదా అంటున్నారు. మా హెడ్ గారు త్వరలో రిటైర్ అవుతారు, ఆ పోస్టుకి నన్ను అప్లై చెయ్యమంటున్నారు అందరూ, కానీ మీటింగ్‌లో నలుగురి ముందు నాకు గొంతు పెగలదు. నాలాంటివాళ్లకి లీడర్‌షిప్ కుదురుతుందా?

జవాబు: కుదురుతుందమ్మా. గొంతు సంగతి తర్వాత చూద్దాం, ముందు చేతిలో ఏ కాగితం పట్టుకెళ్తున్నారో చెప్పండి. మనవాళ్లు చాలామంది ఎన్ని పుస్తకాలున్నాయి, రోజుకి ఎంతమంది వస్తున్నారు అని రాసుకెళ్తారు, నేనూ చాలా ఏళ్లు అదే చేశాను, ఫైనాన్స్ వాళ్లు తల ఊపేసి పేజీ తిప్పేసేవాళ్లు.

పబ్లిషర్లు ఇచ్చే కౌంటర్ (COUNTER) రిపోర్టులు తెరవండి, మనవాళ్లు ఏ జర్నల్ ఎంత వాడారో చెప్పే లెక్కలవి. ఏడాది చందాని డౌన్‌లోడ్‌లతో భాగిస్తే ఒక్కో వాడకం ఎంతకి పడుతోందో తేలుతుంది, అది కావాల్సిందే. కానీ నేను ముందు చూసేది డినయల్స్. అంటే మన వాళ్లెవరో ఆర్టికల్ మీద నొక్కారు, మనకి లైసెన్స్ లేక అది తెరుచుకోలేదు, అలా ఎన్నిసార్లు జరిగిందో జర్నల్ వారీగా అందులో ఉంటుంది. అన్నీ నెట్‌లో ఉన్నాయి అనేవాళ్లకి చూపించాల్సింది అదే. ఒకే మనిషి పదిసార్లు నొక్కి ఉండొచ్చు కాబట్టి అంకె ఒక్కటే పట్టుకుని వెళ్లిపోకండి, వెళ్లి మనుషుల్ని అడగండి. నేనోసారి లిస్టులో అన్నిటికన్నా పైనున్న జర్నల్ పేరు రాసుకుని ఆ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్తే, ఆయన తన పీహెచ్‌డీ స్టూడెంట్‌ని పిలిచారు, ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిస్తే వరసగా ట్యాబ్‌లు, అన్నీ అబ్‌స్ట్రాక్ట్ దగ్గరే, అంటే ఆర్టికల్ పైనుండే సారాంశం దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. ఆ తర్వాత బడ్జెట్ మీటింగ్‌లో నేను మాట్లాడింది రెండు నిమిషాలే, మిగతాదంతా ఆ ప్రొఫెసర్ గారే మాట్లాడారు.

పెద్దచోట్ల కూడా ఇంతే. కాలిఫోర్నియా యూనివర్సిటీ 2019లో పెద్ద జర్నల్ పబ్లిషర్ ఎల్సెవియర్‌తో బేరం కుదరక చందా రెన్యూ చెయ్యలేదు, 2021లో ఓపెన్ యాక్సెస్, అంటే తమవాళ్లు రాసిన ఆర్టికల్స్ ఎవరైనా ఉచితంగా చదవగలిగే ఒప్పందం కుదిరేదాకా అలాగే నిలబడింది. లైబ్రేరియన్లే ఒంటరిగా అయితే అన్నాళ్లు ఆగగలిగేవాళ్లు కాదని నా నమ్మకం, అక్కడ చర్చలకి కూర్చున్న టీమ్‌లోనే ఫ్యాకల్టీ కూడా ఉన్నారు.

పోస్టుకి అప్లై చెయ్యండి. ఒకటి మాత్రం తెలిసి వెళ్లండి, హెడ్ అయ్యాక రిఫరెన్స్ డెస్క్ దగ్గర కూర్చునే టైమ్ ఉండదు, స్టూడెంట్‌కి కావాల్సింది వెతికిపెట్టినప్పుడు వాళ్ల మొహంలో వచ్చే ఆ వెలుగు రోజూ కనిపించదు, నాకైతే అది చాలా కష్టంగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ డెస్కే మీ ప్రాణమైతే సీనియర్‌గా అక్కడే ఉండిపోవడం కూడా గౌరవమైన దారే, ఎవరో తోశారని వెళ్లొద్దు.

వెళ్దామనుకుంటే ఈ నెలలోనే మొదలుపెట్టండి. లైబ్రరీ కమిటీకి మిమ్మల్నీ తీసుకెళ్లమని హెడ్ గారిని అడగండి, మొదట్లో మినిట్స్ రాస్తే చాలు, ఎవరు దేనికి ఒప్పుకుంటారో అక్కడే అర్థమవుతుంది. పాత లైసెన్స్ కాపీలు, పబ్లిషర్ల అడ్మిన్ లాగిన్‌లు ఎక్కడున్నాయో కూడా ఆయన సీట్లో ఉండగానే కనుక్కోండి, వెళ్లిపోయాక అవి వెతకడానికే నెలలు పడుతుంది.