వాన పడగానే టవరు మీది రేడియో ఎందుకు ఆగిపోతుంది?

కూకట్‌పల్లిలో మేడ మీద టవరుకు బిగించిన 24 వోల్టుల రేడియో (ఇంటర్నెట్ సిగ్నలు అందుకునే పెట్టె) వాన పడ్డప్పుడల్లా ఆగిపోతోందని, కింద నుంచి నెట్‌వర్క్ కేబులు ద్వారా దానికి కరెంటు పంపే అడాప్టరు దీపం మాత్రం వెలుగుతూనే ఉందని అడిగారు. ఆ దీపాన్ని నమ్మకండి. పైకి ఎంత కరెంటు చేరుతోందో అది చెప్పదు. వాన వెలిశాక, అడాప్టరు తీసేసి, పైనున్న ఆర్‌జె45 కనెక్టరు (ఆ కేబులు చివరి ప్లగ్గు) విప్పించండి. పిన్నుల మీద పచ్చని చిలుము ఉంటే నీరు దిగినట్టే. ఆ ముక్క కత్తిరించి కొత్త కనెక్టరు వేయించండి. కేబులు రేడియోలోకి వెళ్లే ముందు కిందికి వంపు తిరిగి పైకెక్కాలి, అప్పుడు నీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది. చిలుము లేకపోతే రేడియోను కిందికి దించి, చిన్న కేబులుతో నడిపి చూడండి. నడిస్తే అనుమానం పొడవాటి కేబులు మీదే. రాగి పూత వేసిన అల్యూమినియం తీగలో దూరం పెరిగేకొద్దీ వోల్టేజి ఎక్కువగా పడిపోతుంది. అసలు రాగి తీగే కొనండి; 100 మీటర్లు దాటనివ్వకండి.