ముందు కూలి, తర్వాతే చీర

శ్రీకాకుళం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ నీ చేతికొచ్చాక ఇదే తొలి సంక్రాంతి. కూలి పెంచాలా, చీరలూ బహుమతులూ పెడితే సరిపోతుందా అని అడిగావు. మనిషికి పనిలో ఉత్సాహం తెచ్చేది గుర్తింపే గానీ జీతం కాదని, ఎంబీఏలో చదివిన అమెరికా మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ మాట కూడా రాశావు. ఆయన 1959లో చెప్పింది పిట్స్‌బర్గ్ ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ అడిగి చెప్పిన మాట. నెల తిరిగేసరికి జీతం అందుకునేవాళ్లు వాళ్లు. కిలోకింత అని పప్పు వలిచే మన ఆడవాళ్లకు సరుకు లేని రోజు కూలే లేదు. పైగా జీతం సరిగా లేకపోతే అసంతృప్తి తప్పదని కూడా ఆయనే అన్నాడు. ఆ సగం మర్చిపోకు.

అందుకని ముందు కూలి సంగతి చూడు. ఎంత ఇస్తున్నావన్నది ఒక ఎత్తు, ఎలా ఇస్తున్నావన్నది ఒక ఎత్తు. కాటా నీ గదిలో కాదు, వాళ్ల కళ్లెదుట ఉండాలి. అందులో పడిన అంకే చీటీలోనూ పడాలి. తరుగు పేరుతో కిలోకి యాభై గ్రాములు కోస్తే ఆ సాయంత్రమే వాళ్లకు తెలిసిపోతుంది. ఎవరూ నోరెత్తరు, మర్నాడు పక్క ఫ్యాక్టరీకి పోతారు. శనివారం ఇస్తానన్న డబ్బు శనివారం పొద్దు గూకకముందే ఇచ్చెయ్. డ్వాక్రా కిస్తీ నీ వీలు చూసుకుని ఆగదు.

బరువును బట్టే కూలి కడితే చెయ్యి పరుగెడుతుంది, పప్పు విరుగుతుంది. విరగని గుండుకీ, రెండుగా చీలిన బద్దకీ, ముక్కకీ ధరలో తేడా నీకు తెలిసిందే. గుండు ఎక్కువ తీసినవాళ్లకు కిలో మీద కొంత అదనంగా కట్టు. అయితే పిక్క సరిగ్గా ఉడకకపోయినా, పప్పు సరిగ్గా ఆరకపోయినా ఎంత నేర్పరి చేతిలోనైనా విరుగుతుంది. ఆ నష్టం వలిచే మనిషి కూలిలో కోస్తే అన్యాయం.

బోనస్‌ని బహుమతి అనుకోకు. ఇరవై మంది ఉన్న చోట ఏడాది కూలిలో కనీసం 8.33 శాతం చట్టప్రకారం వాళ్ల హక్కు. చీర పెట్టి దాన్ని మింగెయ్యకూడదు. పిక్కలు కొట్టేచోట జీడి నూనె చేతులు కాల్చేస్తుంది. గ్లౌజులు, సబ్బు, శుభ్రమైన మరుగుదొడ్డి నీ ఖర్చే. వీటిని బహుమతుల లెక్కలో వెయ్యకు.

ఇవన్నీ కుదిరాక గుర్తింపు నిజంగా పనిచేస్తుంది. పౌనుకు 210 పట్టే పప్పునీ 240 పట్టే పప్పునీ కంటిచూపుతో వేరు చేసే పెద్దావిడ నీ గ్రేడింగ్ బల్ల దగ్గర ఉంది కదా, కొత్త మిషన్ కొనేముందు ఆవిడని కూర్చోబెట్టి అడుగు. కొత్త పిల్లలకు నేర్పే పని ఆవిడకే అప్పజెప్పు. నేర్పిన రోజులకు కూలి కట్టు, ఒట్టి చప్పట్లతో సరిపెట్టకు. బిడ్డకు జ్వరమని ఎవరైనా గంట ముందు వెళ్తానంటే మేస్త్రీ కసురుకోకుండా చూసుకో. మనుషులు ఏళ్లతరబడి ఒకచోట ఉండిపోవడానికి ఇలాంటివే కారణమని నా నమ్మకం.

‘ఉత్తమ కార్మికురాలు’ బహుమతి మాత్రం వద్దు. తోడికోడళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చునే చోట అది గొడవలే తెస్తుంది.

చీరలు తప్పకుండా పెట్టు, అందరికీ ఒకే ధరవి. దానికి ముందే పాత బకాయిలు తీర్చెయ్. పండగ అడ్వాన్సు ఎవరెవరికి కావాలో ఈ వారమే రాసిపెట్టుకో. భోగి దగ్గరపడితే బ్యాంకులో చిల్లర నోట్లు దొరకవు, ముందే తెచ్చుకో.

మీ మావయ్య