‘దేవుడు చూసుకుంటాడు’ అంటున్న బాకీదారు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా చర్చి సంఘ పెద్ద ఒకరు కొడుకు ఫీజు కోసమని రెండేళ్ల క్రితం నా దగ్గర 2 లక్షల రూపాయలు తీసుకొని నోటు రాసిచ్చారు. ఇప్పుడు అడిగితే ‘దేవుడు చూసుకుంటాడమ్మా’ అంటున్నారు. ఆదివారం మాత్రం అందరికంటే గట్టిగా ప్రార్థన చేస్తారు. ఇద్దరు వితంతువులకూ ఇలాగే బాకీ ఉన్నారట. ఇప్పుడు చర్చిలో ఎవరు కళ్లు మూసుకున్నా నాకు నాటకంలాగే ఉంటోంది. బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు సంస్కారంలో) పాల్గొనడం మానేశాను. సంఘం పరువు పోతుంది, ఊరుకోమంటారు మా వారు. వచ్చే ఆదివారం అందరి ముందూ నిలదీయాలని ఉంది.

జవాబు: అమ్మా, అప్పు తీసుకునేటప్పుడు ఆయన దేవుణ్ణి హామీగా పెట్టలేదు కదా! మీ కోపం న్యాయమైనదే.

అయితే మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి. ఆయన బాకీ ఒకటి, ఆయన నిజమైన విశ్వాసి అవునా కాదా అన్నది ఇంకొకటి. మొదటిదానికి మీ దగ్గర కాగితం ఉంది. రెండోదానికి ఎవరి దగ్గరా లేదు.

మత్తయి సువార్తలోని గురుగుల ఉపమానం మీరు చిన్నప్పటి నుంచీ వింటున్నదే: గోధుమ చేలో శత్రువు గురుగులనే కలుపు చల్లితే, పీకుతామన్న పనివాళ్లను ఆపి, కోతదాకా రెంటినీ కలిసి ఎదగనివ్వమంటాడు యజమాని. గోధుమ చేలు మనం చూసింది తక్కువ. డెల్టాలో వరి పండించే రైతును ఊద అనే కలుపు గురించి అడగండి. నారుతోపాటే వచ్చి, వరిలాగే పిలకలు వేసి, వెన్ను తీసేదాకా అలవాటు లేని కంటికి దొరకదు. తొందరపడి పీకితే పక్కనున్న వరి దుబ్బూ చేతికొస్తుంది. పనివాళ్లను యజమాని ఆపింది అందుకే. కానీ ఈ కథ చెప్పి ఎవరైనా మీ నోరు మూయించబోతే ఒప్పుకోకండి. ఎగ్గొట్టిన డబ్బు సంగతి అదే మత్తయి సువార్త 18వ అధ్యాయంలో చూసుకోవాలి. తప్పు చేసిన సహోదరుణ్ణి ముందు ఒంటరిగా అడగాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకు వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మీరు ఒక మెట్టు ఎక్కారు. ఆదివారం నిలదీస్తే రెండోది దాటి దూకినట్టే. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడా, జాలంతా అటే పోతుంది.

మీ వారినీ, ఆ ఇద్దరిలో ధైర్యం చేసేవారినీ తీసుకొని ఆయన ఇంటికి వెళ్లండి. గడువు అడగండి. ఫలితం లేకపోతే పాస్టరు అయ్యగారికీ, చర్చి కమిటీకీ రాతపూర్వకంగా ఇవ్వండి. ‘విశ్వాసులు కోర్టుకెక్కకూడదని పౌలు రాశాడు’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నిజమే. సహోదరుల తగవు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని అక్కడే అడిగాడు కూడా. ఆ పని కమిటీ చేయకపోతే కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీకి పిలిపిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. మీ వారికి చెప్పండి: పరువు తీసింది అప్పు ఎగ్గొట్టినవారు, అడిగినవారు కాదు.

ఇక మిగతావాళ్ల ముఖాలు పరీక్షించడం గురించి. శిష్యుల డబ్బు సంచి, చివరికి యేసును అప్పగించిన యూదా చేతిలోనే ఉండేది. మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని చివరి భోజనం రాత్రి ప్రభువు అన్నప్పుడు, శిష్యులెవరూ ‘యూదానా?’ అనలేదు. ‘ప్రభువా, నేనా?’ అని ఎవరికి వారే అడిగారు. అన్నేళ్లు కలిసి తిరిగినవాళ్లకే అంతుపట్టనిది, మూసిన కళ్లు చూసి మీరు కనిపెట్టగలరా? బల్ల మానేసి ఆయన బాకీకి వడ్డీ మీరు కడుతున్నారని నాకు అనిపిస్తోంది. మళ్లీ వెళ్లండి. ఆయన పక్క వరుసలో కూర్చున్నా సరే.

ఒక్క తొందర మాత్రం ఉంది. అడిగినప్పుడు చెల్లించే నోటయితే, రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలోపు దావా వేయాలి. కొంత కడితే నోటు వెనుక తేదీ వేసి ఆయన చేతే చెల్లు రాయించి సంతకం తీసుకోండి, గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. రెండేళ్లు అన్నారు. బీరువాలోంచి నోటు తీసి తేదీ ఇవాళే చూడండి.