చదువు సందేహాలు: సుంకాల మీద అసైన్‌మెంట్, దొరకని వ్యాసాలు

ప్రశ్న: సార్, నేను ఎంబీఏ మొదటి సంవత్సరం. 'అమెరికా సుంకాలు - నెల్లూరు జిల్లా రొయ్యల వ్యాపారం' అని అసైన్‌మెంట్ ఇచ్చారు. ఐదు పత్రికా కథనాలు, ఐదు పరిశోధన వ్యాసాలు చూపించాలట. గూగుల్‌లో కొడితే వీడియోలు, ఎవరెవరో రాసుకున్న ముక్కలే వస్తున్నాయి. నెల్లూరు మీద పరిశోధన వ్యాసం ఒక్కటీ దొరకలేదు. గడువు దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని, కావలి

జవాబు: దొరకలేదంటే వింతేం లేదమ్మా. అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది 2025 ఆగస్టులో. పరిశోధన వ్యాసమంటే ఎవరో లెక్కలు పోగుచేసి, రాసి, జర్నల్‌కి పంపితే, ఆ రంగం తెలిసిన ఇద్దరు ముగ్గురు చదివి, తప్పులు పట్టి, మళ్లీ దిద్దించి, ఆ తర్వాతే అచ్చవుతుంది. ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు కూడా పడుతుంది. నిన్నగాక మొన్న జరిగినదానికి జర్నళ్లలో ఐదు వ్యాసాలు కావాలంటే ఎక్కడి నుంచి వస్తాయి?

కానీ అమెరికా మన రొయ్య మీద సుంకం వేయడం ఇది మొదటిసారి కాదు. 2005లో చైనా, థాయ్‌లాండ్, వియత్నాం, ఈక్వెడార్, బ్రెజిల్‌తో పాటు మన రొయ్య మీద కూడా యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ తక్కువ ధరకు తెచ్చి అమ్ముతున్నారని వేసే సుంకం, వేసింది. మనకు మొదట్లో పది శాతం చిల్లర పడింది. దాని మీద ఆర్థికవేత్తలు చాలానే రాశారు: ఎగుమతులు ఏ దేశాలకు మళ్లాయి, ధర ఎంత కదిలింది, భారం చివరికి ఎవరి నెత్తిన పడింది అని. నీక్కావలసినవి అవే. పాత సుంకం సంగతి జర్నళ్ల నుంచి, కొత్త సుంకం సంగతి పత్రికల నుంచి తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టు. 'సుంకం ప్రభావం' అన్న గాలి మాటకు బదులు 'అప్పుడు భారం రైతు మీద పడిందా, ఎగుమతిదారు మీదా, ఇప్పుడూ అంతేనా?' అన్న గట్టి ప్రశ్న చేతికొస్తుంది. ఆ ప్రశ్న లేకుండా వెతికితే వెయ్యి లింకులొచ్చినా పనికొచ్చేది ఒకటుండదు.

మామూలు గూగుల్ వదిలేసి, పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో వెతుకు, ఇంగ్లిష్‌లోనే. ఊరి పేరు మొదటే కొట్టకు; ఇండియా, ష్రింప్, యాంటీ డంపింగ్, ఎక్స్‌పోర్ట్స్ అని మొదలుపెట్టు. జిల్లా కావాల్సినప్పుడు ఒట్టి 'నెల్లూరు'తో ఆగకుండా 'ఎస్‌పీఎస్‌ఆర్ నెల్లూరు' అని కూడా కొట్టు, 2008లో జిల్లాకు పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టాక చాలామంది అలాగే రాస్తున్నారు. ఇంకో చిక్కుంది. ఇప్పుడు గుంటల్లో ఎక్కువగా పెంచే వనామీ రకం రొయ్య సాగుకు మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. 2005 నాటి వ్యాసాల్లో కనపడే రొయ్య ఎక్కువగా టైగర్ రకం, ఆ దిగుబడులు, ఖర్చులు ఇప్పటి గుంటలకు అతికించావో, రొయ్యల గుంటలున్న ఇంటి పిల్లలెవరైనా క్లాసులోనే పట్టేస్తారు!

మంచి వ్యాసం ఒక్కటి దొరికితే చాలు, మిగతావి అదే చూపిస్తుంది. దాని చివర ఉన్న జాబితా పాతవాటి దగ్గరికి తీసుకెళ్తుంది, స్కాలర్‌లో దాని కింద ఉండే 'సైటెడ్ బై' నొక్కితే దాన్ని వాడుకుని తర్వాత రాసినవి వస్తాయి. నా మటుకు నేను వెతికే పెట్టెలో కొత్త మాటలు కొట్టడం కన్నా ఈ దారినే ఎక్కువ నమ్ముతాను.

ఇక పత్రికలు. తెలుగు దినపత్రికల జిల్లా పేజీలను చిన్నచూపు చూడొద్దు. 100 కౌంట్ (కిలోకి వంద తూగే) రొయ్య కిలో ఎంతకి పడిపోయింది, ఇందుకూరుపేట వైపు రైతులు గుంటలు ఖాళీగా వదిలారా లేదా అన్న కబురు ఢిల్లీ పత్రికలో రాదు. ఎగుమతి కంపెనీల సంగతికి బిజినెస్‌లైన్ లాంటివి చూడు. ఒక్కటి జాగ్రత్త: పీటీఐ వార్తా సంస్థ పంపిన వార్త ఒకటే ఐదు పత్రికల్లో పడుతుంది, హెడ్డింగ్ మారుతుందంతే. అవి ఐదు ఆధారాలు కావు, ఒకటే. సుంకం రేటు రాసిన ప్రతిచోటా తేదీ కూడా రాయి, రేటు మారుతూ ఉంటుంది. లెక్కలు మాత్రం వార్త నుంచి ఎత్తకుండా సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా వాళ్ల గణాంకాల్లో సరిచూసుకో. నాయకుడు సభలో చెప్పిన అంకె, సంఘం వాళ్లు వినతిపత్రంలో రాసిన అంకె, రెండూ వార్తల్లో ఒకేలా కనపడతాయి మరి.

ప్రశ్న: చీమకుర్తి గ్రానైట్ ఎగుమతుల మీద ప్రాజెక్ట్ చేస్తున్నాను. వ్యాసం తెరవబోతే డాలర్లు కట్టమంటోంది. ఫ్రెండ్ చాట్‌జీపీటీతో పది రిఫరెన్సులు తీసి పంపాడు, వాడుకోవచ్చా?
- బీకాం విద్యార్థి, ఒంగోలు

జవాబు: డబ్బులు కట్టకు బాబూ. మీది ప్రభుత్వ కాలేజీ అయితే ముందు లైబ్రేరియన్‌ని అడుగు. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 మంది ప్రచురణకర్తల జర్నళ్లు, దాదాపు 13,000, అందుబాటులోకి తెచ్చారు. ప్రైవేటు కాలేజీ అయితే, కాలేజీలకు ఆన్‌లైన్‌లో జర్నళ్లు అందించే ఎన్-లిస్ట్ ఉందేమో కనుక్కో. రెండూ లేకపోతే స్కాలర్‌లో 'ఆల్ వర్షన్స్' నొక్కు, రచయిత ఉచితంగా పెట్టిన కాపీ అక్కడ తగలొచ్చు. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో మన రాష్ట్రం విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితమే. స్థానిక పరిశ్రమల మీద జర్నళ్లలో కనపడని సమాచారం వాటిలో ఉంటుంది, కాకపోతే థీసిస్‌ను పరిశోధన వ్యాసం లెక్కలో వేస్తారో లేదో మీ మేడంని అడిగి తెలుసుకో.

ఆ పది రిఫరెన్సులు మాత్రం చూడకుండా పెట్టొద్దు. జర్నల్ పేరు నిజమైనదే ఉంటుంది, రచయిత కూడా ఉంటాడు, వ్యాసమే ఉండదు. ప్రతి శీర్షికనూ కొటేషన్ మార్కుల మధ్య పెట్టి స్కాలర్‌లో వెతుకు, డీఓఐ నంబరు (ప్రతి వ్యాసానికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఇస్తే అది తెరుచుకుని ఆ వ్యాసమే వస్తోందా చూడు. రానివి కొట్టెయ్. వచ్చినవి కూడా కనీసం సారాంశం చదివాకే పెట్టు, వైవాలో మొదటి ప్రశ్న అదే పడుతుంది. మూడు రోజుల్లో అచ్చు వేస్తాం, ఇంత కట్టండి అనే జర్నళ్ల వ్యాసాలు తగిలితే వాటినీ పక్కన పెట్టు.

అన్నీ చేశాక కూడా తప్పనిసరిగా కావలసిన వ్యాసం ఒకటి మిగిలిపోతే, మొదటి పేజీలోనే రచయిత మెయిల్ ఉంటుంది. ఎవరివో, ఏం చదువుతున్నావో రెండు వాక్యాల్లో రాసి అడుగు. చాలామంది పంపిస్తారు.