స్కానింగ్‌లో చెయ్యి తిరగాలంటే

ప్రశ్న: ఎంఎస్ ఓబీజీ రెండో ఏడాది చదువుతున్నాను మేడమ్. మా దగ్గర స్కానింగులన్నీ రేడియాలజీ వాళ్లే చేస్తారు. నైట్ డ్యూటీలో ఎప్పుడో ప్రోబ్ చేతికొచ్చినా స్క్రీన్ మీద నలుపు తెలుపు మచ్చలే కనిపిస్తున్నాయి. రేపు రిపోర్టు మీద నేనే సంతకం పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– పేరు వద్దన్న పీజీ డాక్టర్

జవాబు: ఆ టెన్షన్ ఉన్నందుకు సంతోషమమ్మా. గైనకాలజీ పీజీ పాసైతే స్కానింగ్ చేసే అర్హత చట్టప్రకారం డిగ్రీతోనే వచ్చేస్తుంది, వేరే పరీక్ష ఏమీ అడగరు, అందుకే చెయ్యి తిరగకుండానే మెషిన్ ముందు కూర్చునేవాళ్లు ఎక్కువ.

బిడ్డ అవయవాల్లో లోపాలు వెతికే టిఫా స్కాన్ గురించి ఇప్పుడే ఆలోచించకు. లేబర్ రూమ్‌లో అడ్మిట్ అయిన ప్రతి తల్లికీ, సీనియర్‌ని పక్కన పెట్టుకుని, ఒకే వరుసలో చూడు: బిడ్డ ఒకటా ఇద్దరా, గుండె కొట్టుకుంటోందా, తల కిందికుందా, మాయ ఎక్కడుంది, ఉమ్మనీరు ఎంతుంది. ఇవి తడుముకోకుండా వచ్చాక కొలతలకు వెళ్లు. పొట్ట చుట్టుకొలత దగ్గరే అందరం తప్పుతాం. ఆ అడ్డకోత గుండ్రంగా రావాలి, జీర్ణాశయం నల్లటి బుడగలా, బొడ్డు సిర కొంచెం ముక్క మాత్రమే కనిపించాలి. కిడ్నీలు కనిపిస్తే కిందికి జారావని, గుండె కనిపిస్తే పైకెళ్లావని అర్థం. ప్రోబ్ గట్టిగా నొక్కితే గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా సాగి కొలత మారిపోతుంది. మూడుసార్లు కొలిచి చూసుకో.

ఇంకో పని చెయ్యి, ఇది ఏ వర్క్‌షాపూ నేర్పదు. ఒక నోట్‌బుక్ పెట్టి, కాన్పుకు ముందు నువ్వు అంచనా వేసిన బరువు, పుట్టాక తూచిన బరువు పక్కపక్కనే రాయి. పది, పదిహేను శాతం తేడా ఎవరికైనా వస్తుంది. కానీ నీ తేడాలన్నీ ఒకే వైపుకు, ఎప్పుడూ ఎక్కువో ఎప్పుడూ తక్కువో వస్తుంటే, నువ్వు కొలిచే చోటే తప్పు.

మొదటి మూడు నెలల స్కాన్ తేలిక అనుకుంటారు, నాకు మాత్రం అదే ఎక్కువ భయం. నేను పీజీలో ఉండగా ఒకామెకు పిండం 5 మిల్లీమీటర్లుంది, గుండె చప్పుడు కనిపించలేదు, బిడ్డ నిలవలేదని రాసేశాను. మా సీనియర్ ఆ కాగితం పక్కనపెట్టి వారం తర్వాత రమ్మన్నారు. వారానికి గుండె చక్కగా కొట్టుకుంటోంది. ఆ రోజు అబార్షన్ మందులు ఇచ్చేసి ఉంటే అన్న ఆలోచన ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. యోని ద్వారా చేసే స్కాన్‌లో పిండం 7 మిల్లీమీటర్లు దాటినా గుండె లేకపోతేనో, పిండం ఉండే సంచి సగటు కొలత 25 మిల్లీమీటర్లు దాటినా పిండమే కనిపించకపోతేనో తప్ప ఆ మాట రాయకూడదు. అప్పుడైనా ఇంకొకరి కళ్లతో చూపించు, అనుమానముంటే మళ్లీ పిలువు. ఆ స్కాన్ చేసే ముందు ఏం చేయబోతున్నావో ఆమెకు చెప్పి, సరేనన్నాకే ప్రోబ్ ముట్టుకో, పక్కన ఒక నర్సు తప్పకుండా ఉండాలి.

ప్రశ్న: ఎంబీబీఎస్ చేసి మా ఊళ్లో చిన్న నర్సింగ్ హోమ్ చూసుకుంటున్నాను. ఐదు రోజుల కోర్సు చేస్తే సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. దాంతో గర్భిణులకు స్కాన్ చేయొచ్చా?
– ఒక డాక్టర్, విజయనగరం జిల్లా

జవాబు: చేయకూడదు డాక్టర్‌గారూ. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద 2014లో వచ్చిన నియమాల ప్రకారం ఎంబీబీఎస్ వాళ్లకు గుర్తింపు ఉన్న సంస్థలో ఆరు నెలల శిక్షణ, 300 గంటలు, చివర్లో పరీక్ష ఉండాల్సిందే. ఐదు రోజుల్లో మెషిన్ బటన్లు తెలుస్తాయేమో, మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కమ్మేసిందా లేదా అన్నది తెలియదు, అది తప్పితే కాన్పులో రక్తం ఆగక తల్లి ప్రాణమే పోవచ్చు. శిక్షణలో ఉండగానే, ప్రతి గర్భిణి స్కాన్‌కూ ఆ చట్టం అడిగే వివరాల పత్రం ఫామ్ ఎఫ్‌ను మీ చేత్తో నింపడం నేర్చుకోండి. అందులో లోపాలు కూడా నేరమేనన్న నిబంధనను 2019లో సుప్రీంకోర్టు సమర్థించింది, మొదటిసారి దొరికితేనే మూడేళ్ల వరకు జైలు, పదివేల వరకు జరిమానా. కాగితాల పని అని విసుక్కుంటారు గానీ, ఆడపిల్లని కడుపులోనే తీసేయించే దారుణం చూశాక పుట్టిన చట్టం ఇది. నాకు దాని మీద గౌరవం ఉంది.

ప్రశ్న: రేడియాలజీ టెక్నీషియన్ని. మా సెంటర్‌లో డాక్టర్ సంతకం పెట్టి వెళ్లిపోతారు, ప్రెగ్నెన్సీ స్కాన్లు నన్నే చేయమంటున్నారు. పని బాగానే వచ్చు. చేయనా?
– గుంటూరు

జవాబు: వద్దు తమ్ముడూ. బ్రిటన్, అమెరికాలో సోనోగ్రాఫర్లే ఈ స్కాన్లు చేస్తారు, మన పిల్లలూ అక్కడ ఆ ఉద్యోగాల్లో ఉన్నారు, నిజమే. కానీ ఇక్కడి చట్టంలో ఆ వీలు లేదు. నీకు పని వచ్చినా, రాకపోయినా కేసు నీ మీదికీ వస్తుంది. ఆ మాట డాక్టర్‌కు మర్యాదగానే చెప్పు, వినకపోతే ఆ సెంటర్ మానెయ్యి.